బోలు స్టాండులలో ఏమి నింపవలెను?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల నుండి దక్షిణముగా పోయినచో బడంగ్‌పేట ప్రక్కన అల్మాస్‌గూడ కలదు. పేరులో పల్లెతనము మిగిలినను నేడది హైదరాబాదుతో కలిసిపోయిన పేట. ఏ వీథిలో చూచినను ఒక కట్టడము లేచుచుండును. ప్రతి కట్టడము ముందును ఒక ఇసుకకుప్ప, ఒక కంకరకుప్ప ఉండును. ఆ వీథులలోని ఒక ఇంటికి మేము ఒకనాటి సాయంకాలము పోయితిమి. గృహస్థులు క్రొత్తగా రెండు స్పీకరు పెట్టెలను కొని, నడుమెత్తు ఇనుప స్టాండులపై నిలిపి, ప్రాంతీయ వార్తలు పెట్టిరి. వార్తలు చదువువారి కంఠము, కడవలో తల దూర్చి మాట్లాడినట్లు వినవచ్చెను.

పెట్టెలలో లోపమేమియు లేదు. వాటిని దింపి బరువైన చెక్కబల్లపై నుంచగా కంఠము తేటపడినది. మరల స్టాండు మీదికెక్కింపగా కడవ తిరిగి వచ్చినది. ఇంటి పెద్దమ్మగారు వంటయింటి గరిటె తెచ్చి స్టాండును ఒక్క దెబ్బ కొట్టి, "ఇది ఖాళీ బిందె మోత నాయనా" అని కుమారునితో అనిరి. ఆమె చెప్పినది శాస్త్రమునకు సరిపోయిన మాటయే. స్టాండు లోపల బోలుగా నున్నది. దానిలో ఏమి నింపవలెనని వారు మమ్ము అడిగిరి. "ఇంటి ముందే ఇసుక ఉన్నదికదా, అది నింపుడు" అని చెప్పి వచ్చితిమి.

అది వర్షకాలము. వారు వాన వెలిసిన మరునాడు వీథిలోని కుప్పనుండి రెండు బకెట్ల ఇసుక తెచ్చి నింపిరి. మోత అణగినది, అందరును సంతోషించితిమి. నెల తిరుగకమునుపే స్టాండు అడుగున, తెల్లని టైల్సుపై, ఎఱ్ఱని నీటి మరకలు కనబడినవి. అడుగు పలకను బిగించిన బోల్టులు త్రుప్పుపట్టి విప్పుటకు రాకుండెను. ఇసుక యని చెప్పితిమి గాని, ఎట్టి ఇసుకయో చెప్పలేదు. ఆ తొందరపాటు మాది. ఇట్టి ప్రశ్న ఇతర శ్రోతల యిండ్లలోను కలుగుచుండుట చూచి, ఈమారు విషయమును మొదటినుండి చెప్పుచున్నాము.

1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో చేరిన నాళ్ళలో మన యిండ్లకు ఈ చిక్కు లేదు. రేడియో యనగా ఒక కొయ్యపెట్టె. స్పీకరు దానిలోనే ఇమిడియుండెడిది. ఆ పెట్టె గోడబల్లపైననో, అల్లికగుడ్డ పరచిన మేజాపైననో కూర్చుండెడిది. నేడు రెండు స్పీకర్లను వేరుగా, కూర్చున్నవారి చెవి యెత్తున నిలుపుట వాడుకయైనది. ఆ యెత్తునకు స్టాండు కావలెను. గట్టి కొయ్యకు వెల యెక్కువ కనుక పలుచని ఇనుప గొట్టముతో చేసిన స్టాండులు అంగళ్ళలో విరివిగా దొరకుచున్నవి. కొన్నింటి పైపలకలో మూతవేసిన రంధ్రము కలదు. అది లోపల ఏదేని నింపుకొనుటకే.

స్పీకరు మ్రోగుచుండగా స్టాండు ఏల కదలవలెను? తుపాకి పేలినపుడు గుండు ముందునకు పోవును, భుజమునకు వెనుకకు తాకిడి తగులును. స్పీకరులోని కాగితపు గరాటు ముందునకు దుమికినపుడు పెట్టెకును అట్టి తాకిడియే. గరాటు, దాని తీగచుట్ట కలిసి 15 గ్రాములును, పెట్టె 6 కిలోలును తూగుననుకొందము. పెట్టె 400 రెట్లు బరువు. గరాటు 2 మిల్లీమీటర్లు ముందునకు కదలినచో, పెట్టె మిల్లీమీటరులో 200వ వంతు వెనుకకు కదలజూచును. ఇది కంటికి కనబడదు, వ్రేలికి మాత్రము తెలియును. మృదంగము మ్రోగుచుండగా స్పీకరు పెట్టెపై వ్రేళ్ళుంచి చూచినవారు మా మాట నమ్మగలరు. ఈ స్వల్పమైన కదలిక స్టాండులోనికి దిగును. స్టాండు పలుచని రేకైనచో దానిని పెంచి పాడును.

ఆ పాట రెండు విధములు. ఒకటి లోపలి గాలిది. 60 సెంటీమీటర్ల పొడవుండి రెండు కొనలును మూసియున్న గొట్టములోని గాలి, సెకనుకు సుమారు 290 కంపనములతో ఊగుటకు సిద్ధముగా నుండును. ధ్వని సెకనుకు 346 మీటర్లు పోవును గనుక, దానిని గొట్టపు పొడవునకు రెట్టింపైన 1.2 మీటర్లచే భాగించిన ఈ లెక్క వచ్చును. మనుష్యుని కంఠమునకు నిండుదనము నిచ్చు స్వరములు ఈ ప్రాంతములోనివే. వార్తలలో కడవ వినవచ్చుటకు ఇది యొక కారణము. రెండవది రేకు గోడల మోత. ఇది సాధారణముగా మరికొంత హెచ్చు స్థాయిలో, గంట మ్రోగినట్లు సాగుచు, నాగస్వరమునకు, వీణ మీటులకు ఒక లోహపు తోకను తగిలించును.

నింపిన పదార్థము మూడు పనులు చేయవలెను. గాలి ఊగుటకు చోటు లేకుండ చేయవలెను. స్టాండునకు బరువు చేర్చవలెను. గోడల కంపనమును లోలోపలనే అణచివేయవలెను. అంగళ్ళలో చెప్పువారు రెండవ దానినే చెప్పుదురు; ఎంత బరువైన అంత మేలందురు. మా యెఱుకలో మూడవదియే ముఖ్యము. బరువు వేరు, అణచుట వేరు. దీనికి దృష్టాంతము మన కచ్చేరీలలోనే కలదు.

మృదంగ విద్వాంసుడు కచ్చేరీకి ముందు రవ్వను నీటితో తడిపి ముద్దచేసి ఎడమ మూతకు అంటించును. మూతకు బరువు చేరును, శ్రుతి దిగును. కాని మృదంగము మూగపోవునా? నిండైన మంద్రనాదము పుట్టును. కుడి మూత నడుమనున్న నల్లని మందును బరువే. ఆ బరువు వలన మూత పలికెడి స్వరములు ఒకదానితో నొకటి శ్రుతి కలియుచున్నవని సర్ సి.వి. రామన్ 1920లో చూపి, 1934లో మరింత వివరముగా వ్రాసిరి. బరువు చేర్చిన మాత్రమున మోత చావదు, వేరొక స్థాయికి మారును. గట్టిగా అంటుకొని తనలో రాపిడి లేని బరువు, ఎంత హెచ్చినను, స్టాండును మందమైన గంటగా మార్చును గాని గంటతనమును పోగొట్టదు.

మోతను చంపునది రాపిడి. లెక్కలేనన్ని చిన్న రేణువులు ఒకదానిపై నొకటి వదులుగా నిలిచియున్నచో, గోడ కదలినపుడెల్ల అవి ఒరసికొనును. కంపనములోని శక్తి ఆ ఒరపిడిలో వేడిగా మారిపోవును. ఆ వేడి మన కందనంత స్వల్పము, ఫలితము మాత్రము చెవికి స్పష్టము. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ, కంపించు పలకపై ఇసుక చల్లినచో రేణువులు కదలుచోట్లను విడిచి కదలని గీతల మీదికి చేరుటను 1787లో ప్రకటించెను. పలకపై ఇసుకకు పారిపోవుటకు చోటున్నది. గొట్టములో ఆ చోటు లేదు, అక్కడనే ఒరసికొనవలెను. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ స్పీకర్లను నెలకొల్పిన గిల్బర్ట్ బ్రిగ్స్ 1950 తరువాతి సంవత్సరములలో రెండు ప్లైవుడ్ పలకల నడుమ ఎండిన ఇసుకను పోసి స్పీకరు పలకలు చేయించెను. స్టాండులలో ఇసుక నింపుటయు ఆ తెగకు చెందిన ఉపాయమే.

కనుక ఇసుకనే ముందు చూతము. హైదరాబాదు కట్టడములకు గోదావరి, మానేరు మొదలగు నదుల ఇసుక వచ్చుచున్నది. నీటిలో దొరలి దొరలి రేణువుల అంచులు అరిగియుండును. అందువలన గొట్టములోనికి సాఫీగా జారి, మూలలు నింపి, కావలసినపుడు మరల బయటకు వచ్చును. ఎండిన ఇసుక లీటరునకు 1.6 కిలోలు తూగును. రెండు మిల్లీమీటర్ల మందము రేకుతో చేసి, ప్రక్క కొలత 10 సెంటీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు గల చదరపు గొట్టములో అయిదున్నర లీటర్లు పట్టును. అనగా దాదాపు 9 కిలోల ఇసుక. సామాన్యమైన స్టాండునకు ఈ బరువు చాలును.

నది ఇసుకకు బదులు ఇప్పుడు పలుచోట్ల రోబో శాండ్ అను రాతి ఇసుక దొరకుచున్నది. హైదరాబాదు నిలిచియున్న నల్లరాయి దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటిది. దానిని యంత్రములలో నలుగగొట్టి చేసినదే ఇది. మోత నణచుటలో దీనికి వంక పెట్టలేము, రేణువుల పలుకు అంచులు రాపిడిని హెచ్చించును గూడ. అయితే దీనిలో పిండివంటి ధూళి మెండు. ఆ ధూళి కాలక్రమమున అడుగునకు దిగి గడ్డకట్టును. పోయునపుడు ముక్కులోనికి పోవును. రాతి ధూళిలోని స్ఫటికపు నలుసులు ఊపిరితిత్తులకు చేయు కీడు కంకర మిల్లులలో పనిచేసినవారికి తెలియును. రాతి ఇసుకయే గతియైనచో కడిగి, ఆరబెట్టి, సన్నజల్లెడ పట్టి, పైన మిగిలినదానిని మాత్రమే వాడవలెను. సముద్రతీరపు ఇసుకను, ఎంత తెల్లగా నున్నను, విశాఖపట్టణము, కాకినాడ, బందరు శ్రోతలు స్టాండులలో పోయరాదు. అందలి ఉప్పు గాలిలోని తేమను పిలిచి ఇనుమును తినివేయును.

ఇక సీసము. దీనిని గూర్చి కొంత ఎక్కువగా చెప్పవలసియున్నది. స్టాండులలో సీసపు గుండ్లు నింపుట శ్రేష్ఠమని పలువురు చెప్పుదురు. లెక్కకు ఆ మాట తప్పు కాదు. గుండ్లు లీటరునకు సుమారు 6.8 కిలోలు తూగును. పైన చెప్పిన గొట్టములోనికి 37 కిలోలు పట్టును. మెత్తని లోహము గనుక రాపిడియు బాగుగనే యుండును. అయితే ఇసుకతో మోత అణగిన స్టాండులో సీసము చేయగల అదనపు మేలు మిక్కిలి స్వల్పము. దానికి మన మిచ్చు మూల్యము స్వల్పము కాదు. శరీరములోనికి ఇంతవరకు సీసము పోయినను భయము లేదని చెప్పదగిన హద్దు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పసిపిల్లల మెదడు పెరుగుదలకు అది శత్రువు. 2000 సంవత్సరము నాటికి మన దేశమున పెట్రోలునుండి సీసమును తొలగించినది ఇందుకే. అల్మాస్‌గూడకు కొలది మైళ్ళ దూరముననున్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసము మొదలగు లోహములు మితిమీరి యున్నవని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. ఇల్లు దాటగనే ఇట్టి నేలలుండగా, సీసమును వెలయిచ్చి ఇంటిలోనికి తెచ్చుకొననేల?

గుండ్లు ఒరసికొనినపుడు బూడిదరంగు పొడి రాలును. అది మూత సందులనుండి నేలకు చేరును. నేలపై ప్రాకు బిడ్డ చేయి నోటిలో పెట్టుకొనును. పాత బ్యాటరీల పలకలను కరిగించి గుండ్లు పోసుకొనవచ్చునని సలహా చెప్పువారును లేకపోలేదు. ఆ పని ఇంటి పెరటిలో ఎన్నటికిని చేయరాదు. ఆ పొగ, ఆ బూడిద ఇంటిల్లిపాదికిని, ఇరుగుపొరుగునకును విషము.

ఇనుప గుండ్లకు ఈ విషము లేదు. బరువు ఇసుకకు మూడు రెట్లకు దగ్గర. పొడి ప్రదేశములలో మంచివే గాని వెల యెక్కువ, తేమ తగిలినచో ఒకదానితో నొకటి త్రుప్పుతో అతుకుకొని రాపిడిని పోగొట్టుకొనును. లేతు యంత్రముల క్రింద రాలు ఇనుపరజనును కొందరు వాడుదురు. దానికి నూనె అంటియుండును, అంచులు చేతిని కోయును, చుట్టలు చుట్టుకొని గొట్టములో సగము చోటు గాలికే విడుచును. తెచ్చిన శ్రమకు ఫలితము తక్కువ.

బియ్యము, జొన్నలు, పెసలు నింపుడని ఎవరో చెప్పగా విన్నాము. గింజలలో రాపిడి యున్నమాట నిజమే. లీటరునకు 800 గ్రాములు తూగును. కాని తినెడి గింజను ఇనుపగొట్టములో పోయుట మన పెద్దలు మెచ్చు పని కాదు, పురుగులు మాత్రము మెచ్చును. ఊక, రంపపుపొట్టు బరువులేనివి, తేమకు ఉబ్బునవి, చెదలకు ప్రీతియైనవి. దూది, స్పాంజి ముక్కలు గాలి ఊగుటను ఆపగలవు గాని గోడల మోతకు పనికిరావు. సిమెంటు కాంక్రీటు లీటరునకు 2.4 కిలోలు తూగును. అయితే ఆరిన పిదప అది ఒకే ముద్ద, రేణువుల రాపిడి దానిలో లేదు. పైగా అద్దె యిండ్లలో నుండువారు ఇల్లు మారునపుడు ఇసుకను ఒంపివేసి స్టాండును చంకనబెట్టుకొని పోవచ్చును. కాంక్రీటును ఒంపుట యెట్లు?

ఇసుకయే యని తేలినపుడు, మేము అల్మాస్‌గూడలో చెప్పక విడిచినదానిని చెప్పవలెను. వీథిలోని కుప్పలో తేమ, మట్టి, ఆకులు, కుక్కలు పిల్లులు చేసిన అశుభ్రము అన్నియు నుండును. తడి ఇసుక ఇనుమును త్రుప్పు పట్టించుటయే గాక కొలతలోను మోసగించును. కొంచెము తేమ తగిలిన సన్న ఇసుక పొడిదానికన్న నాల్గవ వంతు, ఒక్కొక్కపుడు అంతకన్న ఎక్కువ, చోటు ఆక్రమించును. ఈ సంగతి తాపీమేస్త్రీలందరికిని తెలిసినదే. అట్టి ఇసుకతో నిండినదనుకొన్న స్టాండు, తడి ఆరగనే పైభాగమున ఖాళీపడి మరల మ్రోగును.

ఇసుకను ముందు జల్లెడపట్టి, నీరు తేటగా వచ్చువరకు కడుగవలెను. ఎండకాలమైనచో మేడపై టార్పాలిను పరచి, పలుచగా పోసి, కలియబెట్టుచు రెండు మూడు దినములు ఎండనియ్యవలెను. వర్షకాలమైనచో బొరుగులు వేయించువారు ఇసుక కాచునట్లు, ఇనుప బాణలిలో కొద్దికొద్దిగా పోసి వేడిచేసి ఆరబెట్టవలెను. ఎండినదో లేదో తెలిసికొనుటకు గాజుసీసాలో పిడికెడు పోసి, మూత బిగించి, ఒక గంట ఎండలో నుంచుడు. లోపలి గాజుపై ఆవిరి పట్టినచో ఇంకను తడి యున్నది.

స్టాండు లోపల త్రుప్పున్నచో గీకి రెడ్ ఆక్సైడు పూత వేసి ఆరనియ్యవలెను. అడుగు బోల్టుల సందులను లప్పముతో మూయవలెను. గొట్టపు వెడల్పునకు సరిపడు పొడవైన పాలిథీను సంచిని లోనికి దింపి దానిలో పోసినచో, ఇసుక కారదు, ఇనుమునకు తేమ తగులదు, తీయునపుడు సంచితో సహా వచ్చును. పాలిథీను పలుచనిదైనచో మోత నణచుటకు ఎక్కువ అడ్డురాదు. పోయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. కాగితపు గరాటుతో పోయుచు, గొట్టమును చెక్కపిడితో మెల్లగా తట్టుచుండినచో ఇసుక సర్దుకొనును.

ఎంత పోయవలెననగా, ఒకేసారి నిండుగా పోయరాదు. నాల్గవ వంతు పోసి వ్రేలి కణుపుతో పైభాగము, నడుమ, అడుగు తట్టి చూడవలెను. స్పీకరు నుంచి, పరిచితమైన ఒక కంఠమును, వీలైనచో ప్రతిదినము వినెడి వార్తలనే, వినవలెను. మరల నాల్గవ వంతు. కొన్ని స్టాండులు సగముతోనే మూగపోవును. మా యనుభవమున మూడింట రెండు వంతులతో పెక్కింటికి చాలినది. క్రింది సగము నిండుట వలన వేరొక లాభము కూడ కలదు. స్టాండు బరువు క్రిందికి దిగి, పిల్లలు పరుగెత్తి తగిలినను సులభముగా పడిపోదు. ఆరు కిలోల పెట్టె నడుమెత్తునుండి పసివాని మీద పడుట యెంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. మోత లేని స్టాండునకైనను అడుగు తేలికగా నున్నచో ఈ ఒక్క కారణము చేతనే ఇసుక పోయుమందుము. అడుగు పలక చిన్నదై స్టాండు ఊగుచున్నచో ఇసుక ఆ లోపమును పూర్తిగా తీర్చలేదు. అట్టిదానిని పిల్లలున్న యింట వాడకుండుటయే మేలు. పలుచని వెల్డింగు గల చౌక స్టాండులను నింపిన పిదప పైపలక పట్టుకొని ఎత్తరాదు.

ఇసుక వలన కానిది కొంత కలదు. షాబాదు బండలు పరచిన నేలలో ఒక బండ క్రింద డొల్లయున్నచో, స్టాండు నిండుగా నున్నను ఆ బండ పలుకును. స్టాండును ఒక మూర ప్రక్కకు జరుపవలెను. పెట్టెకును పైపలకకును నడుమ నాలుగు మూలల రబ్బరు బిళ్ళలు లేనిచో రెండును టకటక లాడును. స్పీకరును గోడ మూలకు తోసి పెట్టినచో కలుగు మంద్రపు ముద్దను ఏ స్టాండును తీర్చలేదు. నిజమునకు గోడనుండి రెండు మూరలు ముందుకు జరుపుట వలన కలుగు తేడా, స్టాండు నింపుట వలన కలుగు తేడాకన్న పెక్కు ఇండ్లలో పెద్దది. అది ఖర్చు లేని పని గనుక ముందు చేసి చూడదగినది.

అల్మాస్‌గూడ యింట బోల్టులను కిరసనాయిలుతో నానబెట్టి విప్పితిమి. తడి ఇసుక తీసి, గొట్టములు గీకి, పూత వేసి, బాణలిలో కాచిన ఇసుకను సంచులలో పోసితిమి. కుడి స్టాండునకు మూడింట రెండు వంతులు పట్టినది. ఎడమదానికి ఇంకొక చెంబెడు కావలసి వచ్చినది. ఏలనో తెలియలేదు, ఆ గొట్టపు రేకు కొంచెము పలుచనిది కావచ్చును. సాయంకాలము వార్తల వేళకు పెద్దమ్మగారు మరల గరిటె తెచ్చి రెండింటిని తట్టిరి. ఈమారు చప్పుడు 'దబ్బు'మని అక్కడనే ఆగిపోయినది. టైల్సు మీది ఎఱ్ఱని మరక మాత్రము ఇంకను పోలేదు.